మాననివ్వని చెయ్యి

కొల్లేటి అంచున, చేపల చెరువుల మధ్య ఉన్న ఆ ఇంటి ముందు పోలీసు జీపు కనబడగానే ప్రభావతికి ఒళ్ళు మండిపోయింది. బస్సు దిగి, ఆటో ఎక్కి, గట్టు మీది బురదంతా తొక్కుకుంటూ తను వచ్చేసరికి వాడు ముందే వచ్చి కూర్చున్నాడు.

వాడంటే సీఐ శ్యామ్ సుందర్.

ఇరవయ్యేళ్ళకు పైగా పోలీసు ఉద్యోగం చేసి, ఏఎస్సైగా ఉండగా రాజీనామా ఇచ్చి, ఏలూరు పవర్‌పేటలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్న మనిషి ప్రభావతి. శ్యామ్ సుందర్ కొత్తగా ఎస్సైగా వచ్చినప్పుడు పంచనామా ఎలా రాయాలో, సాక్షిని ఎలా మాట్లాడించాలో నేర్పింది ఆమే. తాడేపల్లిగూడెం రైసుమిల్లు హత్యకేసులో హంతకుణ్ణి పట్టిచ్చిందీ ఆమే. పేపర్లో ఫోటో మాత్రం అతనిది పడింది. ప్రమోషనూ అతనికే వచ్చింది. పోనీలే అని మర్చిపోదామన్నా ఇద్దరిదీ ఒకే చర్చి. ప్రతి ఆదివారం పాస్టరు గారు "మన సహోదరుడు శ్యామ్ సుందర్ గారి కొరకు" అని పేరు పెట్టి ప్రార్థన చేస్తారు. ప్రభావతి పళ్ళు బిగించి ఆమెన్ అంటుంది. అసూయ పాపమని ఆమెకు తెలియక కాదు. ఆదివారం ఒప్పుకుంటుంది, సోమవారానికి మళ్ళీ మొదలు. బతికుండగా అతని జీపు మాత్రం ఎక్కకూడదని గట్టిగా అనుకుంది.

ఈ కేసు ఆమెకు అప్పగించింది ఏలూరులో మానని పుళ్ళకు ప్రత్యేకంగా ఆసుపత్రి నడుపుతున్న డాక్టరు రమ్యశ్రీ. పేషెంటు పేరు నాగేశ్వరరావు. అరవై దాటిన రైతు. కొల్లేటి పక్కన చెరువులు, ఉండి దగ్గర వరిపొలం, పెదవేగిలో పామాయిల్ తోట ఉన్న ఆసామి. చీలమండ పైన పుండు పడి నాలుగేళ్ళయింది. కాలి సిరల్లో చెడురక్తం నిలిచిపోయి పడిన పుండు అది. రమ్యశ్రీ దగ్గరి నర్సు మెర్సీ వారానికి రెండుసార్లు ఇంటికే వచ్చి కట్టు కట్టడం మొదలుపెట్టాక, అరచేయంత పుండు రూపాయి బిళ్ళంతకు వచ్చింది. ఇంకో నెలలో మానిపోతుందనగా, ఎవరో మధ్యలో కట్టు విప్పి, పుండులో పర్మాంగనేట్ పలుకులు వేసి మళ్ళీ కట్టేయడం మొదలైంది. చెరువుల్లో చల్లే మందే. గులాబీ రేకు రంగు వచ్చేంత పల్చగా నీళ్ళలో కలిపితే పుండు కడగడానికి పనికొస్తుంది. పలుకులు పలుకులుగా వేస్తే మాంసాన్ని కాల్చేస్తుంది.

ఇవాళ్టితో కలిపి నాలుగుసార్లు కాలింది. పోయిన ఆదివారం కాలింది ఎముక దగ్గరి దాకా పోయింది. సోమవారం అది చూసిన రమ్యశ్రీ, శుక్రవారం పొద్దున్నే మోకాలి కింద నుంచి కాలు తీసేయాల్సి వస్తుందని నిర్ణయించి ప్రభావతికి కబురు చేసింది.

"మందు పనిచేయకపోతే కాలు తీయక తప్పదండీ. మందును ఎవరో పనిచేయనివ్వడం లేదని తేలితే మాత్రం, ఆ చెయ్యి ఆపండి, కాలు నేను నిలబెడతాను. గురువారం సాయంత్రం దాకా చూస్తాను" అంది.

కాలు తీస్తారన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, నాగేశ్వరరావుకు తప్ప. ఆయనకు చెప్పొద్దని భార్య చంద్రకళ డాక్టరు చేతులు పట్టుకుని బతిమాలింది. ఏలూరు తీసుకెళ్ళేది పుండు శుభ్రం చేయడానికే అని ఆయనతో చెప్పింది. సంతకం పెట్టించేటప్పుడు తనే చెబుతానని, అప్పటిదాకా వాళ్ళిష్టమని రమ్యశ్రీ ఒప్పుకుంది. అందులో ఎవరికీ తప్పు కనబడలేదు. మన ఇళ్ళల్లో చెడ్డకబురు రోగికి చివర్నే కదా చెప్పేది.

ఈ రోజే ఆ గురువారం. పొద్దున మెర్సీ వచ్చి కట్టు విప్పితే, లోపల మళ్ళీ గోధుమరంగు మచ్చ. చంద్రకళ వెంటనే పోలీసులకు ఫోన్ చేసింది.

ప్రభావతి వరండా ఎక్కేసరికి మెర్సీ బల్ల అంచున ముడుచుకుని కూర్చుని ఉంది. ఆమె మందుల పెట్టె నేల మీద తెరిచి ఉంది. శ్యామ్ సుందర్ కుర్చీలోంచి లేచి, మర్యాదగా నమస్కారం పెట్టాడు. ఆ మర్యాదకే ప్రభావతికి ఇంకా మండుతుంది.

"రండక్కా. ఇంత బురదలో ఎందుకు వచ్చారు, నాకు ఫోన్ చేస్తే జీపు పంపేవాణ్ణి కదండీ."

"మీ జీపు మీకే ఉండనివ్వండి సీఐ గారూ. ఈ పిల్లను ఎందుకు కూర్చోబెట్టారు?"

అతను వివరంగా చెప్పాడు. పెట్టెలో పర్మాంగనేట్ పొట్లం దొరికింది. ఆమె వేళ్ళకు గోధుమరంగు మరకలున్నాయి. పుండు మానితే ఆ పిల్లకు ఈ ఇంట్లో పని ఉండదు. పని పోకుండా కాల్చుకుంటూ వచ్చిందని అతని లెక్క. సాయంత్రానికల్లా అరెస్టు చూపిస్తానన్నాడు.

మెర్సీ తలెత్తి, పొట్లం పుండు కడిగే నీళ్ళలో కలపడానికేనని, గ్లౌజులు వేసుకోకముందు కలుపుతుంది గనక మరకలు పడతాయని మెల్లగా చెప్పింది.

"ఆ మరక గోళ్ళ మీద వారం దాకా పోదులెండి. దాచినా దాగదు" అన్నాడు శ్యామ్ సుందర్.

సరిగ్గా అప్పుడే చంద్రకళ మంచినీళ్ళ గ్లాసులు పట్టుకొచ్చింది. యాభై అయిదేళ్ళుంటాయి. నెమ్మదైన మనిషి. భర్త మంచాన పడ్డాక చెరువులు, పొలం, తోట అన్నీ తనే చూసుకుంటోంది. కారు నడపడం కూడా నేర్చుకుంది. ఆషాఢమాసం కదా, రెండు చేతులకూ గోరింటాకు ఉంది. కుడిచేతి వేళ్ళ కొసలు మరీ నల్లగా పండాయి. శ్యామ్ సుందర్ గ్లాసు అందుకున్నాడు. ప్రభావతి గోరింటాకు బాగా పండిందంది.

"మంచి మొగుడు దొరికాడు కదండీ, అందుకే పండింది" అని చంద్రకళ చిన్నగా నవ్వింది. "మిగిలింది ఆయనక్కూడా పెట్టాను, సరదాకి. ఎడమచేతికే లెండి. కుడిచేత్తో అన్నం తినాలి కదా."

వచ్చినవాళ్ళు ఎండన పడి వచ్చారు, నిమ్మకాయ నీళ్ళు కలిపి తెస్తానని లోపలికి వెళ్ళింది. బయట చూస్తే మబ్బు పట్టి ఉంది. ఆ సంగతి ప్రభావతి పట్టించుకోలేదు. ఆమె కళ్ళన్నీ శ్యామ్ సుందర్ మీదే ఉన్నాయి.

"సీఐ గారూ, మీరు కాలు చూశారా?"

"పుండు చూశానండీ."

"పుండు చూడటం వేరు, కాలు చూడటం వేరు" అని ఆమె గదిలోకి నడిచింది.

నాగేశ్వరరావు మంచం మీద కాలు చాపుకుని దిండుకు ఆనుకుని ఉన్నాడు. ఒకప్పుడు భారీ మనిషి. ఇప్పుడు బనీను వదులైపోయింది. ఎడమచేయి దుప్పటి మీద ఉంది, కుడిచేయి దుప్పటి కింద ఉంది. మెర్సీ పుండు మీద తడిగుడ్డ కప్పి వదిలేసింది. ప్రభావతి ఆయనకు నమస్కారం పెట్టి, అన్నయ్యగారూ అని పలకరించి, మోకాళ్ళ మీద కూర్చుని కాలంతా పరీక్షగా చూసింది.

కట్టు తాలూకు గుర్తులు చర్మం మీద ఇంకా ఉన్నాయి. పిక్క దగ్గర లోతుగా, చీలమండ దగ్గర ఉన్నాయా లేవా అన్నట్టు.

మెర్సీని పిలిచి, కట్టు ఎలా కడతావని అడిగింది. చీలమండ దగ్గర బిగువుగా మొదలుపెట్టి, పైకి పోయేకొద్దీ వదులు చేస్తుందట. అలా కడితేనే నిలిచిపోయిన రక్తం పైకి వెళుతుంది, పుండు మానుతుంది. తిరగేసి కడితే రక్తం కిందే ఆగిపోయి పాదం ఉబ్బిపోతుంది. నిద్రలో లేపి కట్టమన్నా తను తిరగేసి కట్టనంది.

"కాలిన ప్రతిసారీ ఇలాగే తిరగేసి ఉందా?"

మెర్సీ కొంచెం ఆలోచించింది. "మొదటి రెండుసార్లూ, ఇవాళా ఇంతేనండీ. ఆదివారం నాటిది మాత్రం నేను కట్టినట్టే ఉంది. సోమవారం విప్పేదాకా ఎవరూ ముట్టుకోలేదనే అనుకున్నాను."

గుమ్మంలో నిలబడ్డ శ్యామ్ సుందర్ ఆ మాట పట్టుకున్నాడు. "విన్నారా అక్కా? ఆదివారం కట్టు శుభ్రంగా ఉంది. కట్టడం వచ్చినవాళ్ళ పనే కదండీ అది."

"మూడు దొరికితే నాలుగోది అదే దొరుకుతుంది. తొందరపడకండి" అని ఆమె కొట్టిపారేసింది.

మెర్సీ దగ్గర కొత్త కట్టుగుడ్డ తీసుకుని పక్కగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. అది సామాన్ల గది. చేపల మేత బస్తాలు, వలలు, చేతికందే అటక మీద పర్మాంగనేట్ డబ్బా. మూత వదులుగా ఉంది. మంచం నుంచి గోడ పట్టుకుని నడిచి రాలేనంత దూరమేమీ కాదు. ప్రభావతి ఒక బస్తా మీద కూర్చుని, చీర కొంచెం పైకి లాక్కుని, తన కాలికి తనే కట్టు కట్టుకోవడం మొదలుపెట్టింది. చీలమండ దాకా వంగేసరికి పొట్ట అడ్డం వచ్చింది, ఊపిరి ఆడలేదు, చేతిలో పట్టు నిలవలేదు. కట్టు అక్కడ వదులైపోయింది. పైకి వచ్చేకొద్దీ చేతికి పట్టు దొరికి, మోకాలి దగ్గర బిగిసిపోయింది. విప్పి చూస్తే గుర్తులు నాగేశ్వరరావు కాలి మీద ఉన్నట్టే ఉన్నాయి.

ఎదురుగా కూర్చుని కట్టినవాళ్ళకు అలా రాదు. ఎవరి కాలికి వాళ్ళు కట్టుకుంటేనే వస్తుంది.

ప్రభావతి గబగబా కట్టుగుడ్డ చుట్టేసి లేచింది. ఆ తొందరలో జాలి ఉంది, భయం ఉంది. నిజం చెప్పాలంటే, తలుపవతల నిలబడ్డ మనిషికి ఇది తట్టలేదన్న సంతోషమే ఎక్కువ ఉంది.

బయటికి వచ్చేసరికి చంద్రకళ వంటింట్లో నిమ్మకాయలు పిండుతోంది. గిన్నె నిండా చెక్కలున్నాయి. నలుగురికి అన్నేల అనిపించేటన్ని పిండుతోంది. ప్రభావతి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, ఈ నెలరోజుల్లో ఆమె ఊరు వెళ్ళాల్సిన రోజులేవో అడిగింది. చంద్రకళ తడుముకోకుండా చెప్పింది. పెదవేగి తోటలో మొక్కలు చూడటానికి ఒకసారి బయలుదేరింది, తెల్లారి పుండు పాడైందని ఆగిపోయింది. ఉండిలో నాట్లు చూసి రావాలనుకుంది, అప్పుడూ అంతే. ఇవాళ తాడేపల్లిగూడెం మార్కెట్ యార్డులో పనుంది. ఇదిగో, ఇవాళా ఇంతే అయింది.

"ఆదివారం ఎక్కడికన్నా వెళ్ళాలనుకున్నారా?"

"ఆదివారమా? లేదండీ. రోజంతా ఇంట్లోనే ఉన్నాను. నొప్పి మాత్ర ఇస్తే ఆయన మధ్యాహ్నం అంతా నిద్రపోయారు కూడాను."

ఆదివారం లెక్కలో ఇమడలేదు. ఇంకోసారి, ఇంకో కేసులో అయితే ప్రభావతి అక్కడే ఆగిపోయేది. ఇమడని ముక్కను వదలొద్దని కొత్త ఎస్సైలకు నేర్పింది ఆమే. కానీ వరండాలో శ్యామ్ సుందర్ ఫోన్లో ఎవరితోనో అరెస్టు గురించి మాట్లాడుతున్న మాటలు చెవిన పడుతున్నాయి. అతనికంటే ముందు తేల్చేయాలి. ఆమెకు ఇంకేమీ వినబడలేదు.

రెండు నిమ్మచెక్కలు చేతిలోకి తీసుకుని, సీఐ గారిని కూడా రమ్మని పిలిచి, నాగేశ్వరరావు గదిలోకి వెళ్ళింది. చంద్రకళ వెనకాలే గ్లాసులు తెచ్చి ఇచ్చి వెళ్ళింది. శ్యామ్ సుందర్ తన గ్లాసు ఆమె చేతిలోంచే అందుకున్నాడు. ప్రభావతి తన గ్లాసు బల్ల మీద పెట్టించి, అటు చూడనైనా చూడలేదు.

"అన్నయ్యగారూ, మీ గ్లాసులో పులుపు తగ్గినట్టుంది. ఈ చెక్క కొంచెం పిండుకోండి."

నాగేశ్వరరావు దుప్పటి కింది చెయ్యి తీయలేదు. "వద్దండీ. పులుపు పడదు నాకు."

"రోజూ తాగుతారని విన్నానే."

"ఈ మధ్య పడటం లేదండీ."

ప్రభావతి మంచం అంచున కూర్చుని ఆయన ఎడమచేయి తన చేతిలోకి తీసుకుంది. గోరింటాకు పెట్టిన వేళ్ళ మీద నిమ్మచెక్కతో గట్టిగా రుద్దింది. ఎరుపు ఎరుపుగానే ఉంది. తర్వాత కుడిచేయి అడిగింది. ఆయన ఇవ్వలేదు. ఆమె దుప్పటి తొలగించి మెల్లగా ఆ చేయి పట్టుకుంది. ఆ వేళ్ళ కొసలూ గోరింటాకు పండినట్టే ఉన్నాయి. రెండో చెక్కతో రుద్దింది. కొంచెంసేపటికి ఆ రంగు పలచబడి, జారి, కింద తెల్లటి చర్మం బయటపడింది.

"కృష్ణా జిల్లాలో, గోదావరి జిల్లాల్లో వరద వచ్చిన ఊళ్ళలో పుట్టినవాళ్ళందరికీ ఇది తెలుసు" అంది ప్రభావతి, శ్యామ్ సుందర్‌కు వినబడేలా. "వరద తీయగానే బావుల్లో పర్మాంగనేట్ కలిపేవాళ్ళు. చేతులకు అంటిన మరక నిమ్మకాయతో పోతుంది. గోరింటాకు పోదు. కుడిచేతికి మీ ఆవిడ గోరింటాకు పెట్టలేదు అన్నయ్యగారూ. ఈ రంగు ఎక్కడిది?"

నాగేశ్వరరావు కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు.

"నేనే వేసుకున్నానండీ."

మెర్సీ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"నేను నడిచినన్నాళ్ళూ ఆవిడ నా వెనకాలే నడిచిందండీ. ఇప్పుడు కారేసుకుని పోతోంది. ఫోన్లన్నీ ఆవిడకే. చెరువుల దగ్గర మందులు చూసే ప్రదీప్ అని కుర్రాడు, చంద్రకళ గారు చెప్పిందే కరెక్టండీ అని నాతోనే అంటాడు. సాయంత్రం వచ్చి ఆ సంగతులు ఫోన్లో చెప్పుకుంటూ నవ్వుతుంది. ఆ నవ్వు ఇన్నేళ్ళ కాపురంలో నా దగ్గర ఎప్పుడూ నవ్వలేదండీ." ఆయన ఆగి, ఎండిన పెదాలు తడుపుకున్నాడు. "పుండు పాడైన రోజు మాత్రం ఎక్కడికీ వెళ్ళదు. నా కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది."

"నొప్పి పుట్టలేదా?"

"పుట్టకేమండీ. అయినా కారు చప్పుడు దూరమైపోతుంటే పుట్టే నొప్పికంటే నయమే."

ఆ మనిషి జబ్బు ఏమిటో ప్రభావతికి డాక్టరు చెప్పక్కరలేదు. పాస్టరు గారు పేరు పెట్టి ప్రార్థన చేసినప్పుడల్లా తన ఛాతీలో కాలేదీ అదే. మానబోతున్న చోట తనే గోరు పెట్టి గిల్లుకునే మనిషి తను కూడా.

"అయితే ఆదివారం మాత్రం..." అని నాగేశ్వరరావు ఏదో అనబోయాడు.

ఆమె వినలేదు. అప్పటికే శ్యామ్ సుందర్ వైపు తిరిగింది. "చూశారా సీఐ గారూ. ఏమీ ఎరగని పిల్లను సాయంత్రానికల్లా లోపల వేసేవారు. ఈసారి కూడా ఫోటో మీదే పడేది."

అతను దెబ్బ తగిలినట్టు కళ్ళు దించుకున్నాడు. ఎన్నేళ్ళనుంచో ఆమె ఎదురుచూసిన క్షణం అది. ఎంత తియ్యగా ఉండాలో అంత తియ్యగానూ ఉంది.

ఇక మిగిలింది నిజం చెప్పడం. చెబితేనే ఆ చెయ్యి ఆగుతుంది. ఆమె నాగేశ్వరరావు వైపు వంగి, రేపు ఏలూరులో చేసేది పుండు శుభ్రం చేయడం కాదని, మోకాలి కింద నుంచి కాలు తీసేద్దామనుకున్నారని చెప్పేసింది.

ఆయన ముఖంలో రక్తం లేదు. "మా ఆవిడకి తెలుసా?"

"తెలుసండీ. మీరు బెంగ పెట్టుకుంటారని దాచారు."

"నాతో ఒక్కమాట అంటే ముట్టుకునేవాణ్ణా అమ్మా" అని ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "కాలు పోతుందని తెలిస్తే ఆ డబ్బా జోలికి వెళ్ళేవాణ్ణా?"

తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. ప్రభావతి ఫోన్ చేసి చెప్పగానే రమ్యశ్రీ ఊపిరి పీల్చుకుంది. ఆపరేషన్ రద్దు చేస్తానని, ఇవాళ కాలినచోట మందు ఇంకా లోపలికి దిగకముందే కడగాలి కాబట్టి ఆలస్యం చేయకుండా వెంటనే బయలుదేరదీయమని చెప్పింది. చంద్రకళ విషయం విని ఒక్క కన్నీటిబొట్టు పెట్టలేదు, ఒక్క మాట తూలలేదు. పమిటచెంగుతో భర్త ముఖం తుడిచి, తనే పట్టుకుని కారెక్కించింది. మెర్సీ తోడు వస్తానంటే, "వద్దమ్మా, ఇవాళ నిన్ను చాలా బాధపెట్టాం, ఇంటికెళ్ళి పడుకో" అంది. ఎంత మంచి ఇల్లాలు అనుకుంది ప్రభావతి. కారు గట్టు దిగి మలుపు తిరిగింది.

వరండాలో శ్యామ్ సుందర్ ఖాళీ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. డబ్బా స్వాధీనం చేసుకోమని కానిస్టేబుల్‌ను లోపలికి పంపాడు.

"అక్కా, మీరు కోపగించుకోకపోతే ఒకటి అడుగుతాను. ఆవిడ మొదట మంచినీళ్ళు ఇచ్చినప్పుడు కుడిచేతి వేళ్ళు నల్లగా ఉన్నాయి కదండీ?"

"గోరింటాకు నల్లగా పండింది."

"నిమ్మకాయ నీళ్ళు ఇచ్చినప్పుడు ఎర్రగా ఉన్నాయండీ. రెండు చేతులూ ఒకే రంగు."

గోళ్ళ మీద మరక వారం పోదని అతను అన్న మాట, వెంటనే ఆవిడ వంటింట్లోకి వెళ్ళడం, గిన్నెనిండా నిమ్మచెక్కలు, మబ్బు పట్టిన రోజున ఎండ అన్న మాట అన్నీ ఒకదాని వెనక ఒకటి ప్రభావతికి గుర్తొచ్చాయి. ఇన్నాళ్ళుగా మెర్సీ కట్టు కడుతుంటే పక్కన కూర్చుని చూసింది ఎవరు? ఆదివారం నొప్పి మాత్ర ఇచ్చి నిద్రపుచ్చింది ఎవరు?

భర్త తన కాలు తనే కాల్చుకుంటున్నాడని చంద్రకళ ఎప్పుడో కనిపెట్టింది. ఆపలేదు. కాలు ఉన్నంతకాలం పుండు ఉంటుంది, పుండు ఉన్నంతకాలం తను ఇల్లు కదలలేదు. కాలే పోతే ఆయన దగ్గర కాల్చుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే ఒక్కసారి తనే లోతుగా కాల్చింది. ఆపరేషన్ సంగతి ఆయనకు చెప్పొద్దని డాక్టరు చేతులు పట్టుకున్నదీ అందుకే. తెలిస్తే ఆయన మానేస్తాడు. మానేస్తే కాలు నిలుస్తుంది. ప్రేమ కొద్దీ దాచిందని డాక్టరు నమ్మింది. ప్రభావతీ నమ్మింది.

"సార్, అటక మీద డబ్బా లేదండీ" అని కానిస్టేబుల్ లోపలి నుంచి కేకేశాడు.

ప్రభావతి నాగేశ్వరరావుకు ఫోన్ చేసింది. రెండో రింగుకే ఎత్తాడు.

"అన్నయ్యగారూ, ఇందాక ఆదివారం గురించి ఏదో అనబోయారు."

"అవునండీ, మీరు వినిపించుకోలేదు. ఆదివారం నేను వేసుకోలేదండీ. ఆవిడ ఇంట్లోనే ఉంది కదా, నాకేం అవసరం?"

"ఇప్పుడు ఎక్కడున్నారు?"

"చెరువుల గట్టు మీద వెళ్తున్నామండీ. మెయిన్ రోడ్డు వద్దు, ఇది దగ్గరి దారి అంది. ఎవరూ కనబడటం లేదు ఇక్కడ."

శ్యామ్ సుందర్ అప్పటికే జీపు స్టార్ట్ చేసి, పక్క తలుపు తెరిచాడు. ప్రభావతి ఎక్కి అతని పక్కన కూర్చుంది.

"అన్నయ్యగారూ, నేను చెప్పేది ఆవిడకు వినబడకూడదు. ఏదో ఒక వంక పెట్టి కారు ఆపించండి."

అవతల కొంచెంసేపు కారు చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత ఆ చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఆపేశానండీ" అంది చంద్రకళ గొంతు, ఎప్పటిలాగే నెమ్మదిగా. "ఫోన్ స్పీకర్లో ఉంది. కారు చప్పుడులో ఆయనకు సరిగ్గా వినబడదని నేనే పెట్టాను."